పెరిగే పిల్లకు వదిలే మడత

ఇల్లందు బజారులో లేడీస్ టైలర్ అని బోర్డు పెట్టుకుని ముప్పై ఏళ్లకు పైగా మిషన్ తొక్కాను. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే పక్కింటి పిల్లను పిలవాలి. పని నేర్చుకుంటున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. "పెద్దమ్మా, ఈ పనిల అన్నిటికంటె కష్టమేంది? పెళ్లి జాకెట్టా?" అని అడుగుతారు.

కాదు. పెళ్లి జాకెట్టుకు కావలసింది ఓపిక. అసలు కష్టం పది దాటి పదమూడు నిండని ఆడపిల్ల బట్టలు. ఆ వయసుకు నప్పేట్టు కుట్టడం వస్తే ఇంకెవరికైనా కుట్టగలరు.

రోజూ పని ముగిశాక డైరీ రాయడం నా అలవాటు. ఆ రోజు ఏం కుట్టాను, ఎక్కడ తేడా వచ్చింది, ఎందుకు వచ్చింది, ఇవే రాసుకునేదాన్ని. వాటిని తిరగేస్తూ ఇది రాస్తున్నాను. షాపు ఎప్పుడు తెరిచాను, ఎన్ని మిషన్లు పెట్టాను అనే సంగతులు వదిలేస్తున్నాను. అవి తెలిసినంత మాత్రాన ఎవరికీ కత్తెర పట్టడం రాదు.

గౌనుకూ పంజాబీ డ్రెస్సుకూ మధ్య

రెండు వేల సంవత్సరం దాటాక మా ఊళ్లో రెడీమేడ్ షాపులు పెరిగాయి. ఒక గోడకు పాపల గౌన్లు, ఎదురు గోడకు ఆడవాళ్ల డ్రెస్సులు వేలాడేవి. మధ్యలో ఏమీ ఉండేది కాదు. పదకొండేళ్ల పిల్ల ఒక గోడ దగ్గర నిలబడితే మరీ చిన్నది, ఇంకో గోడ దగ్గర నిలబడితే మరీ పెద్దది. అక్కడ ఏమీ దొరక్క నా దగ్గరికి వచ్చేవాళ్లు.

ఒకసారి ఒక పిల్ల, తల్లి, నాయనమ్మ కలిసి వచ్చారు.

"లంగా జాకెట్ కుట్టు బిడ్డా, నిండుగ ఉంటది," అన్నది నాయనమ్మ.

"లూజుగ కుట్టక్కా. వచ్చే ఏడు గూడ రావాలె," అన్నది తల్లి.

"నాకు టీవీల యాంకర్ ఏసుకున్నట్టు టైట్‌గ కావాలె," అన్నది పిల్ల.

"ఆమె టీవీల కూసుంటదే. నువ్వు సైకిల్ తొక్కుతవ్. సర్రున చినుగుతది, చూడు," అన్నది నాయనమ్మ.

ముగ్గురూ నా ముందే పోట్లాడుకుని, చివరికి నువ్వే చెప్పమని నా మీద పడ్డారు. ఇలాంటప్పుడు ఎవరి పక్షమూ తీసుకోకండి. ఆ పిల్లకు నిజంగా కావలసింది టైట్ కాదు, తనను ఎవరూ చిన్నపిల్ల అనకూడదు. అంతే. ఫ్యాషన్ చేతుల్లో పెట్టండి, భుజాల కింద ఛాతీ మీద వచ్చే యోకు ముక్కలో పెట్టండి, మెడ చుట్టూ పైపింగ్‌లో, పక్క జేబులో పెట్టండి. ఒంటిని బిగించడంలో పెట్టకండి. పిల్ల అద్దంలో చూసుకుని మురిసిపోవాలి, అదే బట్టలతో గోడ కూడా దూకగలగాలి. ఈ రెంటిలో ఒక్కటే కుదిరిందంటే డ్రెస్సు చెడినట్టే.

ఖాదర్ మాస్టర్

నేను పని నేర్చుకున్నది ఖమ్మంలో, ఖాదర్ మాస్టర్ దగ్గర. నాకు చాలాకాలం హెమ్మింగు, కాజాలు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. ఆడదాని చేతికి కత్తెర ఇస్తే గుడ్డ పాడవుతుందని ఆయన నమ్మకం. ఆ ఒక్క సంగతిలో ఆయనది తప్పు. మిగతా అన్నిటిలో ఆయన దగ్గర నేర్చుకున్నదే ఈనాటికీ నా అన్నం.

పిల్ల షాపులోకి రాగానే టేపు తీయనిచ్చేవాడు కాదు. "పహలే దేఖో. ముందు పిల్ల ఎట్ల నడుస్తదో చూడమ్మా. టేపు ఒళ్లును కొలుస్తది, నడకను కొలుస్తదా?" అనేవాడు. పిల్ల భుజం వంచుకుందా, చేతులు ఎక్కడ దాచుకుంటున్నది, ఎవరి వెనక నిలబడుతున్నది, అవి చూసిన తర్వాతే కొలత.

రెండోది మడత. పెరిగే పిల్ల బట్టకు అడుగున మూడు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టాలి. పిల్ల పొడుగయ్యాక కుట్టు విప్పితే పొడుగు దిగుతుంది. కత్తెర చేతికొచ్చిన కొత్తలో నాకు ఆ మడత నచ్చేది కాదు. అంచు బరువెక్కుతుంది, కుచ్చులు సరిగా జారవు. ఒకసారి కల్లూరు వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం పిల్లకు లంగా కుడుతూ, అందంగా జారాలని మడత తీసేసి గుడ్డ కత్తిరించేశాను. నిజంగానే బాగా జారింది. తల్లి లోపలికి వేళ్లు పెట్టి చూసి, ఏమీ లేకపోయేసరికి నేల మీద కూర్చున్నది.

"ఇది దీని ఒక్కదాని లంగా కాదమ్మా. దీని ఎనక ఇంక ఇద్దరున్నరు," అన్నది.

మాస్టర్ నన్ను తిట్టలేదు. ఆ రోజంతా కత్తెర తన జేబులోనే పెట్టుకుని తిరిగాడు. పిల్ల బట్ట ఆ ఒక్క పిల్లదే కాదని అప్పుడు తెలిసింది.

రెండు కుందేళ్లు

మౌనికను వాళ్లమ్మ స్వరూప నా షాపుకు తీసుకొచ్చిన రోజు, మాస్టర్ చెప్పింది నేనే మరిచాను. పిల్లను చూడకుండానే టేపు తీస్తూ తల్లితో, "పాప ఏ క్లాసు? మూడా?" అన్నాను.

"ఆరు. పదకొండేళ్లు," అన్నది పిల్ల. "నన్నడిగితే నేనే చెప్త గద పెద్దమ్మా."

అప్పుడు చూశాను. ఒళ్లు ఏడెనిమిదేళ్లది. కళ్లు, మాట మాత్రం పదకొండుకంటే ఎక్కువ. బొగ్గుపొడి రంగు తేలిన ముఖం, ఉబ్బిన పొట్ట, ఆ పొట్టకు అడ్డంగా పట్టుకున్న బడిసంచి.

"దీనికి తలసేమియా అక్కా. ఒంట్ల రక్తం నిలవది. మూడు నాలుగు వారాలకోపారి ఖమ్మం దవాఖానాకు పోయి ఎక్కిచ్చుకొని వస్తం. అందుకే ఎదుగుతలేదు," అన్నది స్వరూప. తర్వాత వచ్చిన సంగతి చెప్పింది. "పుట్టినరోజుకు రంగు డ్రెస్సు కావాలన్నది. రెడీమేడ్ షాపుల సైజు దొరికిందిగదా అని తెచ్చిన. ముందట కుందేలు బొమ్మ ఉండె."

"రెండు కుందేళ్లు," అన్నది మౌనిక.

ఆ గౌను వేసుకుని, చాక్లెట్ల డబ్బా పట్టుకుని బడికి పోయిందట. ప్రార్థన దగ్గర కొత్తగా వచ్చిన టీచరు ఆమె చెయ్యి పట్టుకుని, "నీ బడి ఇది కాదు పాపా, పక్క గేటు" అని ప్రేమగా ప్రైమరీ బడి దాకా నడిపించి వచ్చిందట. పాపం, ఆమెకు తెలియదు. వరుసలో నిలబడ్డ ఆరో తరగతి మొత్తం నవ్వింది. ఆ రోజు నుంచి మౌనిక పేరు కుందేలు అయింది. మర్నాటి నుంచి ఆమె బడికి పోలేదు.

"వాళ్ల నాయిన బొగ్గుబాయిల చేస్తడు. పోకుంటే పోకపాయె, ఇంట్ల కూసోనియ్, చదివి ఏం చెయ్యాలె, పానం మంచిగుంటె సాలంటడు," అన్నది స్వరూప. "ఇంట్ల కూసుంటె గోడలు చూసుకుంట ఎండిపోతదక్కా ఇది. బడి ఒక్కటే దీనికి రక్తమెక్కియ్యని రోజులల్ల ఉన్న ముచ్చట."

"యానివర్సరీ నాడు అందరు రంగు డ్రెస్సులల్లనే వస్తరు. ఆ రోజు పోత," అన్నది మౌనిక నా వైపు చూసి. "డ్రెస్సు ఆరో క్లాసుది లెక్క ఉంటేనే. లేకుంటె ఇగ పోనే పోను."

తమాషాకు అన్న మాట కాదది. స్వరూప ముఖం చూస్తే తెలిసింది.

పొట్టి నాయనమ్మ

కొత్తవాళ్లు అందరూ చేసే పనే నేనూ చేశాను. పెద్దపిల్లల పంజాబీ డ్రెస్సు కటింగు తీసుకుని ప్రతి కొలతా తగ్గించాను. స్వరూప తెచ్చిన గుడ్డ మీద అరచెయ్యంత పూలున్నాయి. అప్పుడు అదే ఫ్యాషన్. టాపు మోకాళ్ల కింది దాకా, చున్నీ రెండు భుజాల మీదా వేసి అద్దం ముందు నిలబెట్టాను.

మౌనిక ఇటు తిరిగి అటు తిరిగి చూసుకున్నది.

"మా నాయనమ్మ పొట్టిగైతే గిట్లనే ఉంటది," అన్నది.

స్వరూపకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే కొంగు కళ్లకు పెట్టుకున్నది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెద్ద బట్టను తగ్గిస్తే చిన్న బట్ట అవుతుందనుకోవడం ఎంత పొరపాటో అద్దంలో కనబడుతున్నది. ఒక పువ్వు ఛాతీ అంతా ఆక్రమించింది. చున్నీ కింద పిల్ల మునిగిపోయింది.

ఆ డ్రెస్సు నా దగ్గరే పెట్టేసి, మౌనికను రెండు రోజులు ఊరికే వచ్చి షాపులో కూర్చోమన్నాను. ఎట్లా నడుస్తుందో, దేన్ని దాస్తుందో చూశాను. ఈసారి గుడ్డ నేనే వెతికాను. వంకాయ రంగు మీద ఆవగింజంత తెల్లచుక్కలు. చిన్న ఒంటికి చిన్న అచ్చు గుడ్డే వెయ్యాలి, రాసిపెట్టుకోండి. యోకు బాగా పైకి పెట్టి, దాని కింద సన్నని కుచ్చులు పోశాను. పొట్ట ఎక్కడ మొదలైందో తెలియకుండా అవి జారిపోయాయి. టాపు మోకాలికి పైనే ఆపాను. కాళ్లు కొంచెం కనబడితే మనిషి పొడుగనిపిస్తుంది. చున్నీ సగానికి చీల్చి సన్నగా చేసి, భుజం దగ్గర ఒక కుట్టు వేసి నిలబెట్టాను. పిల్ల దాన్ని సర్దుకునే పని లేకుండా పోయింది.

మిగిలింది చేతులు. పొట్టి చేతులు పెడదామనుకుంటుంటే మౌనిక వద్దన్నది. మోచేతి నుంచి మణికట్టు దాకా సూది గుచ్చిన మచ్చలు.

"అయితె నిండు చేతులు పెడత," అన్నాను.

"నిండు చేతులైతె దవాఖానల సిస్టరు పైకి లాగి లాగి మోచెయ్యి కాడ బిగుతయితది. ఒకపారి కత్తెరతోని కోసింది. మంచి డ్రెస్సు."

ఆ మాట పట్టుకుని ఆలోచించాను. మణికట్టు నుంచి మోచేతి దాకా చేతిని నిలువునా తెరిచి, అదే గుడ్డతో చుట్టిన చిన్న గుండీలు వరసగా పెట్టి, గుడ్డతోనే ఉంగరాల్లాంటి కాజాలు కుట్టాను. సూది పెట్టేటప్పుడు గుండీలు విప్పితే చెయ్యి తెరుచుకుంటుంది. మూసుకుంటే చూసేవాళ్లకు అది అలంకారమే.

మౌనిక తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. గుండీలు ఒక్కొక్కటే విప్పి, మళ్లీ పెట్టుకున్నది. తర్వాత నేల మీదున్న సంచిని చూసింది. దాన్ని తీసి పొట్టకు అడ్డం పెట్టుకోలేదు, భుజానికి తగిలించుకున్నది.

"ఎట్లున్న పెద్దమ్మా?"

"ఆరో క్లాసు లెక్క."

"ఏడుకు గూడ నడుస్తది," అన్నది.

మౌనిక చేతులు

యానివర్సరీ అయిన వారానికి ఇద్దరు ఆడపిల్లలు షాపుకు వచ్చారు. "అక్కా, మాకు మౌనిక చేతులు పెట్టుండ్రి," అన్నారు. తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు. ఎందుకు పెట్టిన గుండీలో వాళ్లకు తెలియదు, తెలియాలని మౌనికా అనుకోలేదు. బడి విడిచాక కొన్నాళ్లు షాపుకు వచ్చి నా కటింగ్ టేబుల్ పక్కన నిలబడి అజమాయిషీ చేసింది.

"ఆ సంధ్యకు నాకన్న ఒక గుండీ తక్కువ పెట్టు పెద్దమ్మా. అది నన్ను కుందేలన్నది."

"పాపం పోనీ తియ్యే."

"ఒక్కటే తక్కువ. చినిగింది పెట్టుమంటలేను గద."

నా పనిలో నేను సంతోషించిన రోజులు లెక్కపెడితే ఆ కొన్ని నెలలు ముందుంటాయి. అలాంటి రోజుల డైరీలు ఇప్పుడు చదవడమే కష్టం.

స్వరూప వేళ్లు

మౌనికకు ఏం కుట్టినా స్వరూప ఒకటే మాట. "మూడు వేళ్ల మడత ఇడువక్కా. పెరిగే పిల్ల."

నేను ప్రతిసారీ కొలతలు తీసేదాన్ని. స్వరూప టేపు వైపు కాదు, నా ముఖం వైపు చూసేది. "ఏమన్న పెరిగిందా?" అని అడిగేది. పోయినసారి కొలతే ఈసారీ. "ఈ గుడ్డ నీళ్లల్ల పడితె దగ్గరికొచ్చి పొట్టిగైతది, మడత ఎక్కువే పెడత," అనేదాన్ని. అడిగినదానికి అది జవాబు కాదని ముగ్గురికీ తెలుసు. తోటిపిల్లలు ఒక్కొక్కరే పొడుగై, నా దగ్గరికి పాత డ్రెస్సుల మడతలు విప్పించుకోవడానికి వచ్చేవాళ్లు. వాళ్లొచ్చినప్పుడు మౌనిక బయటికి పోయి వీధిలో నిలబడేది.

ఒకరోజు స్వరూప కూరగాయలకని సంతలోకి పోయింది. మౌనిక, నేను కుడుతున్న డ్రెస్సు అంచు పట్టుకుని చూస్తూ అన్నది.

"మడత బరువుంటది పెద్దమ్మా. కుచ్చులు మంచిగ జారుతలేవు."

కల్లూరు లంగా గుర్తొచ్చింది. "తియ్యాల్నా మరి?" అన్నాను.

ఆమె అంచు మళ్లీ నా చేతిలో పెట్టింది.

"వద్దు. ఉండనియ్. ఇంటికి పోయినంక అమ్మ వేళ్లు పెట్టి చూస్తది."

చిన్న టైలర్లు నన్ను అడుగుతుంటారు, పిల్ల పెరగదని తెలిసినప్పుడు గుడ్డ వృథా చెయ్యడం ఎందుకని. అలాంటి ఇంటివాళ్లు మీ షాపుకు వస్తే మడత వదలండి. మీకు తెలిసిందని చెప్పకండి. అది చెప్పే పని డాక్టర్లది. వాళ్లు అప్పటికే చెప్పి ఉంటారు.

ఎండాకాలం

మౌనిక ఏడు పూర్తి చేసింది. ఎనిమిదో తరగతికి యూనిఫాం మారుతుందని, కొత్త గుడ్డ ఇంకా రాకముందే నన్ను హెచ్చరించింది. "గవర్నమెంటు బడి యూనిఫాంకు గూడ నా చేతులే పెట్టాలె. సారు ఏమన్నంటె నేను మాట్లాడుత."

ఆ ఎండాకాలంలోనే పోయింది. ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుని గుండె అలసిపోయిందని ఖమ్మంలో చెప్పారట. నేను చూడడానికి పోయేసరికి ఇంటి ముందు బొగ్గుగని పనివాళ్లంతా డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉన్నారు. నాయిన ఐలయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఎవరు పలకరించినా, "బడికి పోత పోత అన్నది" అన్న ఒక్క మాటే అంటున్నాడు. సాగనంపేటప్పుడు మౌనికకు వంకాయ రంగు డ్రెస్సు వెయ్యలేదు. స్వరూప దాన్ని పెట్టెలోంచి తీయనివ్వలేదట.

జూన్‌లో బడులు తెరిచారు. కొత్తగా ఆరో తరగతిలో చేరిన ఒక పిల్ల తల్లితో వచ్చి, "మౌనిక చేతులు పెట్టుండ్రి" అన్నది.

"మౌనిక ఎవరో ఎరికేనా?" అని అడిగాను.

"ఏమో. చేతుల మోడల్ పేరు గద," అన్నది.

అవునని చెప్పి కొలత తీసుకున్నాను.

వంకాయ రంగు

వానలు పడుతున్న రోజుల్లో స్వరూప షాపుకు వచ్చింది. వెంట గుండాల అడవి వైపు ఊరి పిల్ల, నాగమణి. దవాఖానాలో మౌనికకు పక్కమంచం మీద రక్తం ఎక్కించుకునేదట. వాళ్ల నాయిన ఇల్లందు బస్టాండు మీదుగానే ఖమ్మం తీసుకుపోతాడు. బస్టాండులో కనబడితే స్వరూప వాళ్లను ఆపి, ఇంటికి పోయి సంచి తెచ్చుకుని మరీ తీసుకొచ్చింది. తండ్రి మా షాపు బయట గొడుగు కింద నిలబడ్డాడు, ఎంత పిలిచినా లోపలికి రాలేదు. నాగమణికి పదకొండేళ్లుంటాయి. మౌనికకంటే పొడుగు. ఇంట్లో కోయభాష, తెలుగు తక్కువ.

స్వరూప సంచిలోంచి వంకాయ రంగు డ్రెస్సు తీసింది. దాదాపు రెండేళ్లు వేసిన బట్ట. ఆ పిల్ల ఒళ్లు మారలేదు కాబట్టి చివరిదాకా సరిపోయింది. ఉతికి ఉతికి రంగు వెలిసింది. చుక్కలు దాదాపు గుడ్డలో కలిసిపోయాయి.

"మడత ఇప్పక్కా. ఈ పిల్లకు పొడుగు చాలది," అన్నది.

బ్లేడుతో ఒక్కొక్క కుట్టే తెంపాను. లోపలి గుడ్డ కిందికి జారింది. మూడు వేళ్ల మేర వంకాయ రంగు, కొన్న రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ప్రతి చుక్కా తెల్లగా కనబడుతున్నది. పైన వెలిసిన రంగుకూ దానికీ మధ్య గీత గీసినట్టుంది.

ఇలాంటి గీత పడ్డప్పుడు మేము దాని మీద లేసు వేసి కప్పేస్తాం. నేను లేసు డబ్బా అందుకున్నాను. స్వరూప నా చెయ్యి పట్టుకున్నది.

"వద్దు. గట్లనే ఉండనియ్."

నాగమణికి తొడిగాం. ఆమె అద్దంలో తనను చూసుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాపి గుండీలే చూసుకున్నది. దవాఖానాలో చూసినవే. ఒకటి విప్పింది. తల్లిలాంటి మనిషి ముందు అడగాలా వద్దా అన్నట్టు స్వరూపను చూసి, "నాకేనా?" అన్నది.

"నీకే బిడ్డా."

స్వరూప ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచు సర్దింది. సర్దుతూ అలవాటుగా మూడు వేళ్లు లోపలికి పోనిచ్చింది. అక్కడ ఏమీ లేదు. వేళ్లు అట్లాగే ఉంచి తలెత్తి నన్ను చూసింది.

"మడత లేదా అక్కా?"

"అంతా ఇప్పిన గద స్వరూపా."

"ఈ పిల్ల పెరుగుతది గద."

ఆ వంకాయ రంగు గుడ్డ నా దగ్గర ముక్క కూడా లేదు. అరలో వెతికితే, అరచెయ్యంత పూల డ్రెస్సు కనబడింది. పొట్టి నాయనమ్మ డ్రెస్సు. స్వరూప దాన్ని గుర్తుపట్టింది. దాని అడుగు కత్తిరించి పట్టీ తీసి, వంకాయ రంగు అంచుకు అతికి, పూలు బయటికి కనబడకుండా లోపలికి మడిచి కుట్టాను. మిషన్ మీద కుట్టొచ్చు కానీ చేత్తోనే కుట్టాను. రేపు ఎవరైనా విప్పేటప్పుడు సులువుగా రావాలి.

దారం తెంపాక స్వరూప మళ్లీ వేళ్లు పెట్టి చూసింది.

"సరిపోతది," అన్నది. నాగమణి చెయ్యి పట్టుకుని, ఖమ్మం బస్సుకు వేళవుతున్నదని వానలోకి దిగింది.